పంటి ఆకలి

సోమవారం పొద్దున ఆండాలు వజ్రపు మొన ఉన్న సూదితో గాజు గిన్నెలో పెరుగుతున్న ఆ పంటి తొడుగు మీద వెంట్రుకంత గీత గీసింది. గురువారం మధ్యాహ్నానికి ఆ గీత మాయమైంది.

వేరే గిన్నె తీశానేమోనని ముందు తననే అనుమానించుకుంది. గిన్నె అడుగున అంటించిన అంకె చూసింది. పదిహేడు. సోమవారం తీసిన ఫొటో పక్కన పెట్టుకుని సూక్ష్మదర్శినిలో మళ్లీ చూసింది. సందేహం లేదు, అదే తొడుగు. గీత ఉన్నచోట నున్నగా, చుట్టుపక్కలకన్నా ఒక పిసరు తెల్లగా, కొత్త ఎనామిల్ పేరుకుని ఉంది. చేతులకున్న గ్లోవ్స్ తియ్యకుండానే వెళ్లి పరాంకుశం గది తలుపు తోసింది.

పరాంకుశం ఆ ప్రయోగశాలకు పెద్ద. దంతవైద్య కళాశాలలో ముప్ఫయ్యేళ్లు పాఠాలు చెప్పి రిటైరయ్యాక, పళ్లకు వాడే సరుకులు తయారుచేసే ఒక కంపెనీలో చేరి, హైదరాబాదు శివారులో ఈ పరిశోధన నడిపిస్తున్నాడు. ఆయన వచ్చి చూసి, కళ్లద్దాలు తీసి తుడుచుకుని, మళ్లీ చూశాడు.

"ఎక్కడ గీశావమ్మా?"

"అక్కడే సార్. ఇదిగో ఫొటో."

"నాకు అరవై మూడేళ్లు. పన్ను తనంతట తాను అతుక్కోవడం ఇవాళే చూస్తున్నా" అన్నాడు.

విరిగిన ఎముక అతుక్కుంటుంది, తెగిన చర్మం మూసుకుంటుంది. పన్ను ఒక్కటే అతకదు. ఎనామిల్‌ను కట్టే కణాలు పన్ను చిగుళ్లను చీల్చుకుని బయటికి వచ్చేలోపే చచ్చిపోతాయి. ఇల్లు పూర్తి కాకముందే తాపీ పనివాళ్లంతా పోయినట్టు. అందుకే పుచ్చిన పన్నునో పగిలిన పన్నునో చుట్టూ అరగదీసి, దాని మీద పింగాణీదో లోహానిదో ఒక క్యాప్ తొడిగి అతికిస్తారు. పదేళ్లకో పదిహేనేళ్లకో అతుకు కరుగుతుంది, అంచు కింద మళ్లీ పుచ్చు మొదలవుతుంది. ఆండాలు చేసిన క్యాప్ అలాంటిది కాదు. మనిషి చిగుళ్ల నుంచి తీసిన చర్మంలోనే ఆ చచ్చిపోయిన కణాలను మళ్లీ పుట్టించి, పన్ను ఆకారపు అచ్చులో పెంచింది. లాలాజలంలోని కాల్షియం తాగుతూ అది తన అరుగుదలను తానే పూడ్చుకుంటుంది, తన అంచును తానే మూసుకుంటుంది. ఎదుటి పన్ను తగిలితే ఆ ఒత్తిడికి పెరగడం ఆపేస్తుంది.

తొమ్మిదేళ్ల పని అది. ఆ తొమ్మిదేళ్లూ ఆండాలు మనసులో ఒక నోరు ఉండేది. వాళ్లక్క సుగుణ నోరు.

వాళ్లది నల్లగొండ దిక్కున తుమ్మలబావి అనే పల్లె. ఇప్పుడక్కడ పైపు నీళ్లు వస్తున్నాయి, చిన్నపిల్లల పళ్లు మల్లెమొగ్గల్లా ఉంటాయి. నలభై దాటినవాళ్లు మాత్రం ఫ్లోరైడ్ నిండిన బోరు నీళ్లు తాగి పెరిగినవాళ్లు. వాళ్ల పళ్ల మీద తుప్పురంగు చారలు, మొటిక్కాయ వేస్తే రాలిపోతాయేమో అనిపించే గుంటలు. ఆండాలు పళ్లు మాత్రం తెల్లగా ఉంటాయి. ఆమెకు పదకొండు నెలలప్పుడు తల్లి జబ్బుపడితే అమ్మమ్మ వచ్చి చంకనేసుకుని పోయింది. అమ్మమ్మది కాలువ నీళ్ల ఊరు. ఆండాలు తిరిగి తుమ్మలబావికి వచ్చేసరికి పదేళ్లు నిండాయి, పళ్లన్నీ కట్టుకోవడం అయిపోయింది. ఆమెకన్నా అయిదేళ్లు పెద్దదైన సుగుణ నీళ్లు మోయడానికి పనికొచ్చే వయసులో ఉంది కాబట్టి ఊళ్లోనే ఉండిపోయింది. బిందెలు మోసిందీ ఆమే, ఆ నీళ్లు తాగిందీ ఆమే. అక్కచెల్లెళ్లిద్దరూ పక్కపక్కన నిలబడితే కొత్తవాళ్లు "ఇద్దరు ఒక్క తల్లి పిల్లలేనా?" అని అడిగేవారు. అప్పుడు సుగుణ నవ్వేది. కొంగు నోటికి అడ్డం పెట్టుకునే నవ్వేది.

సుగుణ ఊళ్లో అంగన్‌వాడీ టీచరు. ఇరవై రెండేళ్లుగా కథ చెప్పినా, పాట పాడినా, ఎడమచెయ్యి పెదాల ముందు పెట్టుకునేది. ఒకసారి ఆండాలు వెళ్లేసరికి మూడేళ్ల పిల్లలు పదిమంది గుండ్రంగా కూర్చుని చిలక పాట పాడుతున్నారు. పదిమందీ ఎడమచేతులతో నోళ్లు మూసుకునే పాడుతున్నారు. పాటంటే అలాగే పాడాలనుకున్నారు వాళ్లు. సుగుణ చూసి పకపకా నవ్వింది. ఆండాలుకు నవ్వు రాలేదు.

మనుషుల మీద పరీక్షకు అనుమతి వచ్చింది. నగరంలో నూట ఇరవై మందిని తీసుకోవాలని కంపెనీ నిర్ణయం. ఆండాలు తుమ్మలబావి నుంచి ఇరవై నలుగురి పేర్లు రాసి తీసుకెళ్లి పరాంకుశం బల్ల మీద పెట్టింది.

ఆయన జాబితా చదివాడు. "వీళ్లు రెండో విడతలో ఉందురులే అమ్మా."

"ఎందుకు సార్?"

"వీళ్ల ఎముకల్లో నలభై ఏళ్ల ఫ్లోరైడ్ ఉంది. మనం కుందేళ్ల మీద చూశాం, కుక్కల మీద చూశాం. ఫ్లోరైడ్ ఎక్కిన ఎముకలున్న జంతువు ఒక్కదాని మీదా చూడలేదు. ఆరునెలలు ఆగు. చూద్దాం."

"ఆరునెలలంటే మీకు ఆరునెలలే సార్. వాళ్లకు ప్రతిసారీ ఆఖరి వరసే. నీళ్లూ ఆఖరున వచ్చాయి, ఆసుపత్రీ ఆఖరున వచ్చింది. వాళ్ల కోసం చేసిన దాంట్లో కూడా వాళ్లు ఆఖరేనా?"

"ఇది కోపం. సైన్సు కాదు."

"కోపమే సార్. తొమ్మిదేళ్లు పనిచేసింది ఈ కోపంతోనే."

పరాంకుశం జాబితాను మళ్లీ మొదటి నుంచి చదివాడు. ఆమె పట్టుదల ఆయనకు తెలుసు, ఆ పట్టుదలంటే ఇష్టం కూడా. చివరికి జేబులోంచి పెన్ను తీసి సంతకం పెట్టాడు. ఆ తర్వాత ఆండాలు ఆ సంతకాన్ని తలుచుకోని రోజు లేదు.

ఫిబ్రవరిలో సుగుణ హైదరాబాదు వచ్చి కుర్చీలో కూర్చుంది. ముందు పళ్లు పన్నెండు, పైన ఆరు, కింద ఆరు. ఆండాలు తన చేతులతోనే అరగదీసింది. డ్రిల్లు తిరుగుతుంటే తుప్పురంగు పొడి నీళ్లలో కలిసి గొట్టంలోకి పోయింది. గదంతా కాలిన కొమ్ము వాసన. సగం పనయ్యాక సుగుణ చెయ్యెత్తింది.

"అద్దమియ్యి."

"ఇప్పుడొద్దక్కా."

"ఇయ్యవే."

అద్దంలో చూసుకుని బిత్తరపోయింది. పళ్లు పెన్సిలు చెక్కినట్టు సన్నగా మొండిగా నిలబడి ఉన్నాయి. "గివేందే ఆండాలూ! ఎలుక పండ్ల లెక్క జేసినవ్!"

"మీద క్యాప్ ఎక్కాల్నంటే లోపలి పన్ను సన్నగుండాలె అక్కా. లేకుంటే ఎత్తుగ, లావుగ కనిపిస్తది."

"రేపు మల్ల మొదటి లెక్క గావాల్నంటే?"

"కాదు. ఒక్కపారి తీసినంక మల్ల రాదు."

సుగుణ అద్దం ఒళ్లో పెట్టుకుంది. "మల్ల ఎందుకె అవి? పోతేనే పీడ వాయె" అని నోరు తెరిచి తల వెనక్కి వాల్చింది.

మూడు వారాల తర్వాత తొడుగులు ఎక్కించారు. ఆ రోజు సుగుణ నాలుకతో పళ్లను పదేపదే తడుముకుంది. చల్ల నీళ్లు తాగి "జివ్వుమంటలేదే" అంది. అక్కడున్న నర్సును పిలిచి, పేరడిగి, ఊరడిగి, పిల్లలెందరని అడిగింది. ఏదో ఒకటి మాట్లాడాలి, ఎవరో ఒకరు తన నోటి వంక చూడాలి. ఆండాలు కిటికీ దగ్గరికి వెళ్లి బయటికి చూస్తూ నిలబడింది.

ఆ ఎండాకాలం తుమ్మలబావిలో ఇరవై నాలుగు నోళ్లు తెరుచుకున్నాయి. నడుం వంగక తాటిచెట్లు ఎక్కడం మానేసిన గీత పనివాడు లింగస్వామి, అరవయ్యేళ్ల వయసులో మొక్కజొన్న కంకి కొరికి తిన్నాడు. సంతకు పోయిన ఆడవాళ్లు బేరం గట్టిగా ఆడారు. సుగుణ అంగన్‌వాడీ గోడ మీద ఎలుగుబంటి బొమ్మ వేయించి, ఎలుగుబంటిలా అరిచి చూపించేది. ఆండాలు ఫోన్ చేసినప్పుడల్లా వెనకనుంచి పిల్లల కేకలు వినపడేవి.

అక్టోబరులో లింగస్వామి దగ్గితే పక్కటెముక విరిగింది.

ముసలితనం అనుకున్నారు. పది రోజులకు ఇంకొకామె చేదబావి గిలక దగ్గర మణికట్టు విరగ్గొట్టుకుంది. దీపావళి దాటాక సుగుణ ఫోన్ చేసింది. ఒక పిల్లవాణ్ని ఎత్తుకుని గట్టు దిగుతుంటే పాదంలో 'టక్'మన్నదట. "ఏం గాలే, కట్టుగట్టిన్రు. అవ్ గని ఆండాలూ, గీ పండ్లు రెండు కొద్దిగ ఎత్తుగొచ్చినట్టున్నయ్. నమిల్తె ముందుగాల అవే తగుల్తున్నయ్."

ఆండాలు చేతిలో ఉన్న టీ గ్లాసు కింద పెట్టింది. ఎదుటి పన్ను తగిలాక పెరగడం ఆగిపోవాలి. ఆగలేదు.

ఆ వారం ఇరవై నలుగురికీ ఎక్స్‌రేలు తీయించింది. రక్తంలో కాల్షియం అందరికీ సరిగ్గానే ఉంది, అందుకే ఇన్నాళ్లూ పరీక్షల్లో ఏమీ దొరకలేదు. ఎముకలు మాత్రం వేరే సంగతి చెప్పాయి. ఫ్లోరైడ్ ఎక్కిన ఎముక ఎక్స్‌రేలో సుద్దముక్కలా తెల్లగా కనబడాలి. సుగుణ నడుము ఎముకలు బొగ్గుపొడి చల్లినట్టు మసకగా ఉన్నాయి. దవడ ఫిల్ములో పళ్లు మాత్రం దీపాల్లా వెలుగుతున్నాయి.

నిజం తేల్చుకోవడానికి ఆమె రెండు గిన్నెలు తీసుకుంది. రెండింట్లో ఒకే రకం తొడుగు, దాని పక్కన ఒకే దవడ ఎముక నుంచి కోసిన రెండు ముక్కలు. ఒకదానిలో ఎముకకు తుమ్మలబావి వాళ్లకున్నంత ఫ్లోరైడ్ పట్టించింది, రెండోదానికి పట్టించలేదు. ఎదుటి పన్ను తగిలినట్టు రెండింటి మీదా సన్నని బరువు పెట్టింది. తొమ్మిదో రోజు పొద్దున పరాంకుశాన్ని పిలిచింది.

మామూలు ఎముక ఉన్న గిన్నెలో తొడుగు బుద్ధిగా ఆగిపోయింది. రెండో గిన్నెలో తొడుగు మీద పెట్టిన బరువు పక్కకు ఒరిగింది. తొడుగు దాన్ని తోసేసి ఎదిగింది. పక్కనున్న ఎముక ముక్కను ఆండాలు పట్టకారుతో తాకితే, నీళ్లలో నానిన బిస్కెట్టులా విడిపోయింది.

"లాలాజలంలోది చాలకపోతే అది ఎముకను అడుగుతోంది సార్. రక్తంలోకి కబురు పంపుతుంది, ఎముక కొంచెం కాల్షియం వదులుతుంది. మామూలు మనిషిలో అంతటితో సరి. వీళ్ల ఎముకల్లోంచి కాల్షియంతో పాటు ఫ్లోరైడ్ కూడా కదిలి వస్తోంది. అది తగలగానే ఈ కణాలు ఆగడం మర్చిపోతున్నాయి. ఇంకా అడుగుతున్నాయి. ఇంకా వస్తోంది."

పరాంకుశం గిన్నె వైపు చూస్తూ నిలబడ్డాడు. ఆరునెలలు ఆగమన్నానని ఆయన అనలేదు. అంటే బాగుండునని ఆండాలు అనుకుంది.

"నగరంలో వాళ్లు?" అని మాత్రం అడిగాడు.

"నూట ఇరవై మందికీ ఏమీ లేదు సార్. అందరూ బాగున్నారు."

"అంటే ఇది పనిచేస్తుందన్నమాట" అని ఆయన కుర్చీలో కూలబడ్డాడు. "ఎవరికోసం చేశావో వాళ్లకు తప్ప."

తీసెయ్యడం తప్ప దారి లేదు. తీసెయ్యడమూ సులువు కాదు. మామూలు క్యాపును కోసి తీస్తే లోపల మొండి పన్ను మిగులుతుంది, ఇంకో క్యాప్ తొడగొచ్చు. ఇవి లోపలి పన్నుతో ఏకమై, వేరు దాకా అల్లుకుపోయాయి. తొడుగును తీయాలంటే పన్నును పెరకాల్సిందే.

ఆండాలు తుమ్మలబావి వెళ్లి అంగన్‌వాడీలో అందరినీ కూర్చోబెట్టి చెప్పింది. ఆ పళ్లు వాళ్ల ఎముకలను కరిగించుకుని పెరుగుతున్నాయని దాచకుండా చెప్పింది. తప్పు తనదేనని చెప్పింది. ఎవరూ కేకలు వెయ్యలేదు. లింగస్వామి పక్కటెముకల మీద చెయ్యి పెట్టుకుని లేచాడు.

"బిడ్డా, నాకు అరవై నిండినయ్. బొక్కలు ఎట్లైన పొయ్యేటియే. మొన్న మనవరాలి బారసాలల ఫొటో దిగినం. ఫొటోల నవ్వుడు నాకు గదే మొదలు. ఇప్పుడు పండ్లు పీకిచ్చుకోమంటవ్. బోసినోటితోటి ఎన్ని దినాలు బతకాలె?"

"పండ్లుంటే బతకవు మామా."

"బతికింది ఎప్పుడు గని?" అన్నాడాయన. కొందరు నవ్వారు. ఒక్కొక్కరే లేచి వెళ్లిపోయారు. ఎవరూ తిట్టలేదు, ఎవరూ ఒప్పుకోలేదు.

సుగుణ కట్టు కట్టిన కాలు చాపుకుని గోడకు ఆనుకుని కూర్చుంది. గదిలో ఇద్దరే మిగిలారు.

"అక్కా, నువ్వు ఒప్పుకుంటే వాళ్లంత వస్తరు. నీ మాట ఇంటరు."

"నీ మాట ఇనే గద ఒచ్చిన్రు మొదలు."

ఆండాలు తలవంచుకుంది.

"నలభై ఆరేండ్లే నాకు" అంది సుగుణ. గొంతు పెంచలేదు. "గండ్ల నలభై అయిదేండ్లు నోరు మూసుకున్న. చిన్నప్పుడు బడిల, పెండ్లిల, ఆయన సచ్చిపోయిననాడు ఏడ్సెటప్పుడు గూడ. ఎనిమిది నెలలాయె తెరిచి. మల్ల మూసుకో అంటున్నవ్. పండ్లే ఉండవంటున్నవ్. నీకేం తెలుస్తదే? నీ పండ్లు తెల్లగున్నయ్."

"నా పండ్లు పీకిస్తే నీయి ఆగుతయంటే ఇప్పుడే పీకిచ్చుకుంట."

"ఆగయి గద. అట్లాంటి మాటలెందుకు మరి?"

ఆండాలు బస్సెక్కి తిరిగొచ్చింది. కణాలను చంపే మందు ఏదైనా దొరుకుతుందేమోనని నెలరోజులు గిన్నెల ముందు కూర్చుంది. తొడుగును చంపిన మందల్లా చిగుళ్లనూ చంపింది.

జనవరి మొదట్లో లింగస్వామి మంచం దిగుతూ తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఆపరేషన్ చెయ్యబోతే మరమేకు బిగించడానికి గట్టి ఎముక దొరకలేదని డాక్టర్లు వెనక్కి పంపేశారు. పదిహేను రోజులు మంచంలో ఉండి, ఊపిరితిత్తులకు నిమ్ముచేరి పోయాడు. దహనం చేసిన మర్నాడు బూడిద ఎత్తడానికి వెళ్లిన కొడుకు ఆండాలుకు ఫోన్ చేశాడు. బూడిదలో ఎముకలు పెద్దగా మిగల్లేదట. పళ్లు పన్నెండూ చెక్కు చెదరకుండా ఉన్నాయట. "గవి గంగల కలపాల్నా, మీకియ్యాల్నా?" అని అడిగాడు. ఎగతాళికి అడగలేదు. నిజంగా తెలియక అడిగాడు.

ఆ తర్వాత జనం కదిలారు. నల్లగొండలో ఒక దవాఖానా గది తీసుకుని ఆండాలు, ఇంకొక దంతవైద్యురాలు కలిసి రోజుకు ఇద్దరికి చొప్పున పళ్లు తీశారు. దవడ ఎముక కూడా మెత్తబడి ఉంది, బలం పెడితే విరుగుతుంది. ఒక్కో పన్నునూ నాలుగు ముక్కలుగా కోసి మెల్లగా తీయాలి. ఆడవాళ్లు దూది కరుచుకుని, కొంగులు కప్పుకుని వ్యాను ఎక్కేవారు. ఎక్కేముందు ఆండాలుకు చెయ్యెత్తి దండం పెట్టేవారు. తిట్టి ఉంటే తట్టుకునేది.

ఇరవై ఇద్దరు వచ్చారు. సుగుణ రాలేదు.

ఫిబ్రవరి నెలాఖరున ఒక పొద్దున అంగన్‌వాడీలో బియ్యం డబ్బా వంగి తీస్తూ ఆమె అలాగే ఉండిపోయింది. వెన్నుపూసలు మూడు కుంగిపోయాయి. పిల్లల తల్లులు మంచం మీదే మోసుకుని నల్లగొండకు తెచ్చారు. కుర్చీలో కూర్చోలేకపోతే బల్ల మీద పక్కకు పడుకోబెట్టారు.

"అక్కా" అంది ఆండాలు.

"తియ్యి. మాట్లాడకు."

తీస్తున్నంతసేపూ సుగుణ కళ్లు మూసుకోలేదు. గోడ మీది క్యాలెండరు చూస్తూ ఉంది. పన్నెండోది బయటికి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. పక్కన గాజుసీసాలో పళ్లు తడి తడిగా మెరుస్తున్నాయి. నిరుడు తొడిగినప్పటికన్నా లావెక్కాయి, అంచులు పూలరేకుల్లా విచ్చుకుని పెరిగాయి. ఎవరి నోట్లోనూ అంత అందమైన పళ్లు ఆండాలు చూడలేదు. ఆమె సీసాకు మూత బిగించి, పేరు, తారీకు రాసిన కాగితం అంటించింది.

సుగుణ చెయ్యి చాచింది. దూది అడ్డంగా ఉండడంతో మాట ముద్దగా వచ్చింది. "ఇటియ్యి."

"ఇయ్యరాదక్కా. ల్యాబుకు పంపాలె. ఎందుకు ఆగలేదో చూడాలె. ఇంకెవ్వరికి గిట్ల గాకుండ..."

"అవి నా బొక్కలే అంటివి గద" అంది సుగుణ.

ఆండాలు సీసా పట్టుకుని నిలబడింది. ఇవ్వాలనుకుంది. ఇస్తే, రేపు ఈ రోగం మూలం పట్టుకోవడానికి ఉన్న ఆధారాల్లో ఒకటి పోతుంది. ఆ లెక్కలో న్యాయం ఉంది. ఆ న్యాయంతోనే ఆమె సీసాను పెట్టెలో పెట్టి మూసింది. సుగుణ చెయ్యి కిందికి దించి, మొహం గోడవైపు తిప్పుకుంది.

ఆ రోజు నుంచి సుగుణ చెల్లెలితో మాట్లాడలేదు. అడిగితే తల ఊపుతుంది. ఆండాలు స్వయంగా చేసి తెచ్చిన కట్టుడు పళ్లు అటక మీద పెట్టింది. జావ తాగుతుంది. నడుము వంగిపోయి, నేల చూస్తూ నడుస్తుంది. అంగన్‌వాడీకి కొత్త టీచరు వచ్చింది.

ఆ సంవత్సరమే తొడుగు అమ్మకానికి అనుమతి వచ్చింది. నగరం ఫలితాలు అంత బాగున్నాయి. పరాంకుశం రాజీనామా ఇచ్చి, ఆఖరి రోజున ఆండాలు గదికి వచ్చాడు. "నువ్వూ వచ్చెయ్యమ్మా. మనం చాలా చేశాం" అన్నాడు. ఆండాలు వెళ్లలేదు. కంపెనీ పెద్ద క్లినిక్కులో, తొడుగు కోసం వచ్చేవాళ్లను మొదట పరీక్షించే పని అడిగి తీసుకుంది. తొడుగుతో పాటు ఇచ్చే కాగితం మీద హెచ్చరిక తనే రాసింది: 'ఫ్లోరైడ్ అధికంగా ఉన్న నీరు తాగి పెరిగినవారికి ఈ తొడుగు అమర్చరాదు.' అచ్చులో ఆ వాక్యం వెనక పేజీలో, కింద, చీమ తలంత అక్షరాల్లో వచ్చింది. పై పేజీలో ఒక సినిమా నటి నవ్వుతోంది.

వర్షాకాలంలో ఒకరోజు, ముప్ఫయ్యయిదు నలభై మధ్య వయసున్న ఒకామె వచ్చి ఆండాలు ముందు కూర్చుంది. పెద్దింట్లో వంటపని చేస్తుందట. ఆ ఇంటామె పళ్లు చూసి, ఎక్కడ చేయించుకున్నారో కనుక్కుని వచ్చింది. కాగితంలో పుట్టిన ఊరు సికింద్రాబాదు అని రాయించింది.

"నోరు తెరువమ్మా."

ఆమె తెరిచింది. తుప్పురంగు చారలు, గుంటలు.

"చిన్నప్పుడు ఎక్కడ పెరిగినవ్?"

"గాడనే మేడం. సికిందరాబాదుల."

"ఏ నీళ్లు తాగిన్రు?"

ఆమె కాసేపు చీర అంచు సర్దుకుంది. "మీ కాయితంల రాసిన్రంట గద, మా దిక్కోల్లకు పెట్టరని. అందుకే అట్ల రాపిచ్చిన. తెల్లగ జెయ్యాల్నంటే మాసొంటోల్లయే జెయ్యాలె గద మేడం? మంచిగున్న పండ్లకెందుకు?"

"నువ్వు పెట్టిచ్చుకుంటే బొక్కలు పోతయమ్మా. ఒట్టిగ చెప్తలేను. చూడు" అని ఆండాలు ఫోన్ తీసి, సుగుణ వెన్నెముక ఎక్స్‌రే చూపించింది. మసకబారిన పూసలను, కుంగిన మూడింటిని ఒక్కొక్కటే వేలుపెట్టి చూపించి చెప్పింది. ఆమె ఫోన్ చేతిలోకి తీసుకుని శ్రద్ధగానే చూసింది. చూస్తుండగా బొటనవేలు తగిలి పక్క బొమ్మ వచ్చింది. ఎలుగుబంటి గోడ ముందు, చుట్టూ పిల్లలతో, సుగుణ కళ్లు చిట్లించి నోరారా నవ్వుతోంది.

వంటామె ఫోన్‌ను కళ్లకు దగ్గరగా పెట్టుకుంది. మొహం విప్పారింది.

"ఎవరు మేడం ఈమె?"

"మా అక్క."

"ఎంత మంచిగున్నయ్ పండ్లు! గిసొంటియే గావాలె నాకు. ఇప్పుడు గూడ గిట్లనే ఉన్నయా?"

"లేవు. తీసేసిన్రు."

"అయ్యో! ఎవరు తీసిన్రు?"

"నేనే తీసిన."

ఆమె ఫోన్‌ను బల్ల మీద పెట్టేసింది. కుర్చీలోంచి లేచి సంచీ చంకన తగిలించుకుంది. తలుపు దాకా వెళ్లి, వెనక్కి తిరిగి ఆండాలును, ఆమె చేతులను చూసింది.

"సొంత అక్కవి. చేతులెట్ల ఒచ్చినయమ్మా నీకు?"